ఖాళీ కుంటపై నా సంజాయిషీ

మా జిల్లా పట్టణాల్లో వాననీటి పనుల గురించి కొన్నేళ్లుగా సభలు జరుగుతున్నాయి, ప్రత్యేక సంచికలు వస్తున్నాయి. ఒక సంచిక అట్ట మీద ప్రొద్దుటూరు కుంట ఫొటో కూడా వేశారు. ఆ కుంటను డిజైన్ చేసిన మనిషి వేంపల్లెలో, బస్టాండుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఒక సభకు పిలిచారు. వెళితే నా చేతిలో భోజనం కూపన్ పెట్టి వెనక వరుస చూపించారు. వేదిక మీద నా కుంట గురించి మాట్లాడిన ఆయన దాన్ని చెరువు అన్నాడు. కూపన్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇప్పుడు విశ్రాంత ఇంజనీర్ల పత్రిక అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఆలస్యంగానైనా అడిగినందుకు కృతజ్ఞుణ్ణి.

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోనని మా శాఖలో పేరుంది. నిజమే. కానీ అవి నిలిచిన తలలోనే నాకు జరిగిన మేలు కూడా నిలిచి ఉంది. ఈ కుంట విషయంలో లెక్క వేసుకుంటే మేలే ఎక్కువ.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. డిప్యూటీ కింద అసిస్టెంట్ ఇంజనీర్లు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఇ.ఇ., ఆ పైన కడపలో సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్.ఇ. ఉంటారు. మా శాఖలో సంతకాలు పైకి పోతాయి, తప్పులు కిందికి వస్తాయి. రెండూ డిప్యూటీ బల్ల మీదుగానే పోవాలి. పులివెందులలో నేను మొదలుపెట్టిన కాలువ పని సగంలో ఉంది. చార్జి అప్పగించిన రోజున ఒక కప్పు టీ ఇప్పించినవాడు లేడు. నా తరువాత వచ్చినతనికి మాత్రం శాలువా కప్పారట.

ప్రొద్దుటూరులో నాకిచ్చిన మొదటి పని మగ్గాల కాలనీ ముంపు. ఊరి అంచున పల్లంలో ఉన్న నేతపనివాళ్ల కాలనీ అది. ఎగువన ఒకప్పుడు నల్లరేగడి చేలు ఉండేవి. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన ఆ నేల మొదటి వానలను తాగేసేది. చేలు ప్లాట్లయ్యాయి, సిమెంటు రోడ్లు పడ్డాయి, మిద్దెలు లేచాయి. నేల తాగే నీళ్లు ఇప్పుడు రోడ్డు వెంట పరుగెత్తి కాలనీలోకి వస్తున్నాయి. అక్కడున్నవి గుంట మగ్గాలు. నేత మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఇంటి గడప దాటి మోకాలి లోతు నీళ్లు రానక్కరలేదు. అరచెయ్యి మందం వచ్చినా అవి చేరేది గుంటలోకే. గుంట నిండితే చెక్కలు ఉబ్బుతాయి, గోడలు జారతాయి, పడుగు, అంటే మగ్గం మీద సాగదీసి కట్టిన నిలువు దారాలన్నీ, పాడవుతుంది. ఒక్కో వానకు కాలనీలో నేత వారాల తరబడి ఆగిపోయేది.

మొదటి రోజు మస్తానమ్మ అనే ఆమె ఇంట్లోకి వెళ్లాను. ఆమె మగ్గం ఆపలేదు.

"శానామంది వచ్చినారు సార్. కొలుచుకొని పోయినారు. నువ్వు గూడ కొలుచుకొని పో" అంది.

ఆమె భర్త దస్తగిరి గుమ్మంలో కూర్చుని కండెలకు దారం చుడుతున్నాడు. "కొలిచేవోళ్లకు టీలు పోసి పోసి మా ఇంట్లో చక్కెర నిలబడల్యా" అన్నాడు. అంటూనే లేచి టీ తెచ్చాడు. పులివెందుల ఇవ్వని టీ నాకు అక్కడ దొరికింది. ఆ రుణం ఈ వ్యాసంలో మొదట రాయవలసింది.

కాలనీ గుండా పోయే కాలువను వెడల్పు చేసే వీలు లేదు. రెండు వైపులా ఇళ్లే. అందుకని ఎగువన వంక, అంటే చిన్న వాగు, పక్కనున్న ప్రభుత్వ భూమిలో డిటెన్షన్ పాండ్ ప్రతిపాదించాను. ఇది చెరువు కాదు. చెరువు పని నీళ్లు దాచుకోవడం. దీని పని ఒక్కసారిగా వచ్చే వాననీటిని పట్టి ఉంచి, అడుగున ఉన్న చిన్న తూము గుండా కాలువ మోయగలిగినంత మేరకే వదలడం. వాన వెలిసిన మరునాటికల్లా ఇది ఖాళీ కావాలి. మళ్లీ వాన వచ్చేదాకా ఖాళీగానే ఉండాలి. నిండిపోతే పైనుంచి పొర్లడానికి ఒక మరవ ఉంటుంది. అది ప్రాణం మీదికి వచ్చినప్పటికి మాత్రమే.

ఇలాంటి దానికి చేతిలెక్క చాలదు. మేం కాలువలకు వాడే పాత సూత్రం వరద శిఖరం ఎంతో చెబుతుంది కానీ, వరద ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో చెప్పదు. కుంటకు ఆ పెరుగుట, తగ్గుటలే ముఖ్యం. గంట గంటకు వచ్చే నీటిని గీస్తే గుట్ట ఆకారంలో ఒక గీత వస్తుంది. దాన్ని హైడ్రోగ్రాఫ్ అంటారు. కుంట చేసే పని ఆ గుట్టను అణచి, పొడవుగా సాగదీయడం. ఈ లెక్క చేసే సాఫ్ట్‌వేర్ మా ఆఫీసు కంప్యూటర్లో ఉంది. దాని మీద శిక్షణకు నా పేరు పంపితే, రిటైర్మెంటుకు దగ్గరున్నవాళ్లకు శిక్షణ దండగ అని కడప నుంచి కొట్టేశారు. కొట్టేసిన గీత ఎర్రసిరాతో ఉంది.

నాకు నేర్పింది జమ్మలమడుగులో ఉండే వాణి మేడం. ఇంజనీరింగ్ కాలేజీలో హైడ్రాలజీ చెప్పే లెక్చరర్. మా బంధువు కాదు, మా శాఖ కాదు, నా వయసులో సగం. ఫోన్ చేసి అడిగితే ఆదివారాలు రమ్మంది. బస్సు దిగి వెళ్లేసరికి వాళ్లమ్మగారు ఉగ్గాని, బజ్జీ పెట్టేవారు. తినకపోతే పాఠం మొదలయ్యేది కాదు. ఎంత మేర వాననీరు మన కుంటకు చేరుతుందో హద్దు గీయడం, ఎంత నేల సిమెంటు, ఎంత నేల మట్టి అని విడదీసి నీరు ఇంకే గుణాన్ని అంకెగా మార్చడం, వర్షమాపకం రికార్డుల నుంచి పెద్ద వానను ఎన్నుకోవడం, కుంట ఏ మట్టంలో ఎంత నీరు పడుతుందో పట్టిక ఇవ్వడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మా ఆఫీసులో ప్రింటరు ఎలా ఆన్ చేయాలో అడిగినా విసుక్కునేవాళ్లు ఉండేవారు.

ఒక ఆదివారం నా మోడల్ చూసి ఆమె ఒక గడి దగ్గర ఆగింది. వాన మొదలయ్యే వేళకు కుంటలో నీటి మట్టం ఎంత అని అడిగే గడి అది.

"ఈడ సున్నా ఎందుకు పెట్టినారు సార్?"

"ఖాళీగా ఉండే కుంట కదా మేడం."

"మన తట్టు నీళ్లుండే కుంటను ఖాళీ కానిచ్చేవాళ్లు ఉండారా సార్? ఒకతూరి నిండుగా పెట్టి నడపండి."

నిండుగా పెట్టి నడిపాను. లోపలికి వచ్చే గీత, బయటికి పోయే గీత దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంటే కుంట ఉన్నా లేనట్టే. కాలనీ మునుగుతుంది. సర్వేతో, రికార్డులతో నింపలేని గడి మోడల్ మొత్తంలో ఆ ఒక్కటే. దాన్ని నింపేది ఊరు. అందుకే తూముకు షట్టరు పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. తలుపుంటే ఎవరో ఒకరు మూస్తారు.

స్థలం దగ్గర సమావేశం పెట్టినప్పుడు ఎస్.ఇ. గారు వచ్చారు. పక్కన చేలు, బోర్లు ఉన్న ఓబుల్‌రెడ్డి అనే పెద్దరైతు కూడా వచ్చాడు. నేను గోడకు డ్రాయింగు అంటించి వివరించాను. ఓబుల్‌రెడ్డి చివరిదాకా విని లేచాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఈ గడ్డకు వాన వచ్చేదే అబ్బురం. వచ్చిన నీళ్లను పట్టి, మళ్లా పెన్నకు సాగనంపుతానంటాండావు. నువ్వు ఏ తట్టోనివి?"

"వేంపల్లె" అన్నాను.

"వేంపల్లెలో పుట్టి నీళ్లు ఇడిసిపెడతానంటాడు సూడప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎస్.ఇ. గారు అందరికంటే గట్టిగా నవ్వి, నీ కంప్యూటరు ఎప్పుడైనా వానలో తడిసిందా అని నన్ను అడిగి, షట్టరు పెట్టమని ఆదేశించారు. నేను అక్కడికక్కడే కుదరదన్నాను. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు, ఇచ్చాను. మా ఇ.ఇ. గారు మితభాషి. నా నోట్ చదివి, "షట్టరు విషయం తరువాతి దశలో పరిశీలించవచ్చు" అని ఒక వాక్యం రాసి డిజైన్ మీద సంతకం చేశారు. తరువాతి దశ అనేది రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆ వాక్యం వల్ల ఆయనకు ఎస్.ఇ. దగ్గర మాట పడింది. ఆయన నాతో ఎన్నడూ దాన్ని ఎత్తలేదు.

కుంట పూర్తయింది. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద పై నుంచి కింది దాకా పేర్లున్నాయి, కాంట్రాక్టరు పేరుతో సహా. నా పేరు లేదు. కాలనీవాళ్లు దానికి ఖాళీ కుంట అని పేరు పెట్టారు. దస్తగిరి నన్ను చూసినప్పుడల్లా, "సార్, మీ కుంట సల్లగుండాదా? దప్పికేమన్నా అయితాందా?" అని అడిగేవాడు.

ఆ ఏడు వానాకాలం చివర్లో మంచి వాన పడింది. మర్నాడు వేరే పని మీద మైదుకూరు వెళ్లాను. ఆ మరునాడు వచ్చి చూస్తే కుంట నిండుగా ఉంది. తూము నుంచి చుక్క బయటికి రావడం లేదు. గట్టు మీద పసుపు కుంకుమలు, కొబ్బరిచిప్పలు ఉన్నాయి. కడప నుంచి అటుగా పోతున్న ఎస్.ఇ. గారు కూడా దిగి చూసి, ఇప్పుడిది కుంటలాగా ఉంది అని మెచ్చుకుని వెళ్లారని, అక్కడ పగటిపూట మాత్రమే ఉండే వాచ్‌మన్ చెప్పాడు.

నేను నేరుగా ఓబుల్‌రెడ్డి ఇంటికి వెళ్లి, తూము ఎందుకు మూశావని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను.

"మూయల్లనే అనుకున్యా" అన్నాడాయన తీరిగ్గా. "మనుషులను పంపిస్తే, ఆడ అప్పుడికే ఎవురో మూసి పెట్టినారంట. నాకు పని తప్పించినారు. ఆ పుణ్యాత్ములెవురో నువ్వే కనుక్కోపో."

నేను క్షమాపణ చెప్పలేదు. ఆయనా ఆశించినట్టు లేదు.

కాలనీకి వెళితే మస్తానమ్మ దాచలేదు. "మేమే మూసినాం సార్" అంది. కాలనీ బోరు ఎండిపోయి, ఆ ఏడంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డారు. ఎగువన కుంటలో నీళ్లుంటే బోరులో ఊట వస్తుందని, ఇసుక మూటలు తూములో కుక్కారు. ఏ ఇళ్ల కోసం కుంట తవ్వామో ఆ ఇళ్లవాళ్లే మూశారు. మా గడ్డ మీద తప్ప మరెక్కడా ఇలా జరగదనుకుంటాను. కృష్ణా డెల్టాలో అయితే ఆ తూమును కాపలా కాసి మరీ తెరిచి ఉంచుతారు.

"నీళ్లు నిలబడింది కండ్లతో సూసి ఎన్నేండ్లయిందో తెలుసునా సార్?" అన్నాడు దస్తగిరి. ఈసారి హాస్యం లేదు. "ఇడిసిపెట్టమంటే చేతులు రావు."

అప్పటికే బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని, రెండు రోజుల్లో భారీ వాన రావచ్చని హెచ్చరిక వచ్చింది. తూము తెరిస్తే కుంట ఖాళీ కావడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. హైడ్రోగ్రాఫ్ కాగితం తీసి చూపించాను. ఎవరూ దాని వంక చూడలేదు. నాకు కోపం వచ్చింది. కాగితాన్ని చూడని వాళ్లకు గోడ చూపిద్దామనుకున్నాను.

సర్వేలో ప్రతి ఇంటి గడప మట్టం మేం ముందే తీసి పెట్టుకున్నాం. నిండు కుంటతో నడిపిన మోడల్ కాలువలో నీరు ఏ మట్టానికి లేస్తుందో చెప్పింది. ఆఫీసు నుంచి లెవెల్ యంత్రం తెప్పించి వీధి మధ్యలో నిలబెట్టాను. అది ఎంత దూరంలోనైనా ఒకే సమమట్టాన్ని చూపించే దుర్భిణి. ఇంటింట్లో కొలబద్ద పట్టించి, ఆ మట్టం వచ్చిన చోట సుద్దముక్కతో గోడ మీద గీత గీశాను. కొన్ని ఇళ్లలో గీత గడప కిందే పోయింది. చాలా ఇళ్లలో మగ్గం గుంట దాటి పైకి వచ్చింది. మస్తానమ్మ ఇంట్లో అది మగ్గం మీదున్న పడుగును తాకుతూ పోయింది. సగం నేసిన పట్టుచీర ఉంది దాని మీద.

ఆమె మగ్గం ఆపింది. ఆమె మగ్గం ఆపగా నేను చూసింది అదొక్కసారే.

"ఇంత కాడికి వస్తాదా?"

"కుంట ఇట్లనే ఉంటే వస్తుంది."

"ఖాళీ చేస్తే?"

ఖాళీ కుంటతో నడిపిన మట్టం గడప మెట్టు కింద ఉంది. అక్కడ ఇంకో గీత గీశాను.

ఆమె రెండు గీతలనూ కాసేపు చూసి, దస్తగిరితో, "లెయ్. కూడు తినేకి గూడ కూచోవాకు. ఆ గీత ఎదురుంగా పెట్టుకొని ముద్ద యాడ దిగుతాది?" అంది. ఆమే వీధిలోకి వెళ్లి అందరినీ పిలిచింది. ఒకాయన, "సార్ గీత గీస్తే నీళ్లు దాని మాట వింటాయా?" అన్నాడు. "వినకపోతే నీ మగ్గం నేను కడుగుతా, రా" అంది.

తూము దగ్గర ఎవరినీ నీళ్లలో దిగనివ్వలేదు. అడుగున మనిషిని లాగేసే ఒత్తిడి ఉంటుంది. బావిలో పడిన బిందెలను తీసే కొక్కేల గుత్తి, పాతాళగరిగె, ఎవరింటి నుంచో తెచ్చారు. గట్టు మీద నిలబడి దానితో మూటలు ఒక్కొక్కటే పీకారు. తూము పొద్దు వాలేలోపు పారింది. ఆ నీళ్లు పోతుంటే ఇద్దరు ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. వాళ్లను తప్పు పట్టలేను.

వాన వచ్చింది. మొదటిదానికంటే పెద్దది. ఖాళీ కుంట నిండుతూ నిండుతూ మరవకు జానెడు కింద ఆగింది. కాలనీలో నీళ్లు మెట్టు దాకా వచ్చాయి. ఒకటి రెండు ఇళ్లలో గడప తడిసింది. ఏ గుంటలోకీ దిగలేదు.

ఆ తరువాతి వారంలోనే ఎస్.ఇ. గారి ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. "ప్రజలు నిల్వ చేసుకున్న నీటిని పై అధికారుల అనుమతి లేకుండా వృథాగా వదిలినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసింది." మోడల్ రెండు ఫలితాలు, ఇళ్ల మట్టాలు, వాన రికార్డు జతచేసి సంజాయిషీ ఇచ్చాను. విచారణకు వచ్చిన అధికారి ఓబుల్‌రెడ్డిని అడిగితే, నా మీద ఫిర్యాదు చేస్తాడనుకున్న ఆయన, "ఆయప్ప మొండోడు. మొండితనానికి మెమో ఇచ్చేటట్లుంటే ముందు నాకియ్యండి" అన్నాడట.

అదే ఓబుల్‌రెడ్డి ఒక రోజు మా ఆఫీసుకు వచ్చి, "అంతా ఇడిసిపెడతావు, సరే. అడుగున ఒక మనిషి లోతన్నా మిగల్నీ సామీ" అన్నాడు. మోడల్లో పెట్టి చూశాను. తూము మట్టానికి కింద ఎంత లోతు తవ్వినా, అక్కడ ఎంత నీరు నిలిచినా, వరదను పట్టే ఖాళీకి నష్టం లేదు. వెంటనే ప్రతిపాదన పంపాను, ఇ.ఇ. గారు మళ్లీ సంతకం చేశారు. కుంట అడుగున లోతు పెరిగింది. కాలనీ బోరులో ఊట వచ్చింది. నా మొదటి డిజైన్ కంటే అది మెరుగు. అది ఓబుల్‌రెడ్డి ఆలోచన. శిలాఫలకం మీద ఆయన పేరు కూడా లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. సాఫ్ట్‌వేర్ అడిగే ప్రతి అంకె వెనకా ఎవరో ఒక మనిషి ఉంటాడు. వాన అంకెను వర్షమాపకం చూసేవాడు ఇస్తాడు, నేల అంకెను సర్వే చేసినవాడు ఇస్తాడు. కుంట మొదటి మట్టం అంకెను మాత్రం కుంట పక్కన దప్పికతో బతికేవాళ్లు ఇస్తారు. వాళ్లకు నీళ్లు మిగిల్చని డిజైన్‌లో ఆ సున్నా నిలవదు.

సంజాయిషీ మీద మాత్రం ఇంతవరకు జవాబు లేదు. అంగీకరించలేదు, తిరస్కరించలేదు. రిటైరయ్యాను. రిటైరయ్యాక మూడుసార్లు గుర్తు చేస్తూ రాశాను. ఇప్పుడు ఆ తూముకు షట్టరు బిగించి, ఏడాది పొడవునా నీళ్లు నిలిపి, పడవలు తిప్పే పార్కు చేస్తారని విన్నాను. మొన్న కాలనీకి వెళ్లి వచ్చాను. మస్తానమ్మ ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ పై గీతను చెరపకుండా నీలం రంగుతో దిద్దుకుంది. టీ ఇచ్చి, "పడవలు వస్తాయంట గదా సార్, మా ఇంట్లోకి గూడ తిప్పుతారేమో" అని దస్తగిరి అడిగాడు. దీనికి జవాబు చెప్పవలసింది నేను కాదు.

అందుకని కడప సర్కిల్ ఆఫీసులో ఇప్పుడు ఎస్.ఇ. కుర్చీలో ఉన్నవారిని ఈ పత్రిక ముఖంగా అడుగుతున్నాను. నా సంజాయిషీ మీద ఒక్క వాక్యం రాయండి. అంగీకరిస్తున్నామని రాస్తే, షట్టరు ప్రతిపాదన ఆ వాక్యంతోనే రద్దు కావాలి. తిరస్కరిస్తున్నామని రాస్తే, షట్టరు బిగించండి. అయితే సంతకం చేసిన వారే సుద్దముక్క పట్టుకుని మగ్గాల కాలనీకి రావాలి, కుంట నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంత దాకా వస్తుందో ఇంటింటి గోడ మీద తమ చేత్తో గీయాలి. అల్పపీడనాల కాలం దగ్గర పడుతోంది. రెండింటిలో ఏదో ఒకటి, ఈసారి జవాబు చెప్పండి.